చుండూరుకు ఏ పేరు పెట్టాలి: ద్వేష నేరమా, ఉగ్రవాదమా?

కుల ఊచకోతల మీద వచ్చిన కోర్టు తీర్పులు చదవడం నా పీహెచ్‌డీ పని. అందులో చుండూరు గురించి రాసిన భాగాన్ని ఒక సెమినార్‌లో చదివాను. ఒకచోట ‘దళితుల మీద జరిగిన ఉగ్రవాదం’ అని రాసుకున్నాను. చదవడం అయ్యాక ఒక పెద్దాయన లేచి మర్యాదగానే అన్నారు: ‘అమ్మా, మీ బాధ నాకు అర్థమవుతుంది. కానీ పరిశోధకులు పదాలు జాగ్రత్తగా వాడాలి కదా. అది ద్వేష నేరం. ఉగ్రవాదం వేరు. అది దేశం మీద జరిగేది.’

ఆ రోజు నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. బస్సులో ఇంటికి వస్తుంటే అమ్మమ్మ గుర్తొచ్చింది.

అమ్మమ్మది చుండూరు కాదు, అదే జిల్లాలో ఇంకో ఊరు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను పొలాల్లో తరిమి నరికి, శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. ఆ కబురు వాళ్ళ పల్లెకు చేరిన రాత్రి ఏం జరిగిందో అమ్మమ్మ మాకు చాలాసార్లు చెప్పింది. దీపాలు ఆర్పేశారట. మగవాళ్ళు వంతులేసుకుని పల్లె మొదట్లో కాపలా కాశారు. పిల్లలందరినీ ఒకే ఇంట్లో పడుకోబెట్టారు. ఆ వారమంతా చాలామంది పనికి పోలేదు. పోయినవాళ్ళు కూలి డబ్బులు తక్కువిచ్చినా నోరెత్తలేదు. ‘మన ఊళ్ళో మనల్ని ఎవరూ ఏమీ అన్లేదు తల్లీ. అనే పని లేకపోయింది’ అనేది.

చుండూరు కేసు రికార్డుల్లో అమ్మమ్మ లేదు. ఆమె బాధితురాలు కాదు, సాక్షి కాదు, కనీసం ఆ ఊరి మనిషి కూడా కాదు. కానీ ఆ హత్యలు చేసిన పనిలో ఒక భాగం ఆమె ఇంట్లో జరిగింది. ఆ భాగాన్ని చూడగలిగే చట్టం ఏది, చూడలేనిది ఏది అన్నదే ఈ రెండు పదాల మధ్య ఉన్న అసలు గొడవ.

చట్టం వేసే రెండు ప్రశ్నలు

ద్వేష నేరం అన్నప్పుడు చట్టం నిందితుడిని ఒక ప్రశ్న అడుగుతుంది: ఈ మనిషినే ఎందుకు ఎంచుకున్నావు? అతని కులం చూసా, మతం చూసా, రంగు చూసా? ఉగ్రవాదం అన్నప్పుడు అడిగే ప్రశ్న వేరు: ఈ పని చేసి ఎవరిని భయపెట్టాలనుకున్నావు, వాళ్ళ చేత ఏం చేయించాలనుకున్నావు? మొదటి ప్రశ్న నేరం చేసినవాడి మనసులోకి చూస్తుంది. రెండోది ఆ నేరం ఎంత దూరం పాకాలని ఉద్దేశించారో చూస్తుంది.

మన దేశంలో ‘ద్వేష నేరం’ అనే పేరుతో ప్రత్యేక చట్టం లేదు. దళితుల, ఆదివాసీల విషయంలో ఆ పని చేయాల్సింది 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం. 1990 జనవరి 30 నుంచి అమల్లో ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 103వ సెక్షన్ రెండో క్లాజు కూడా ఈ కోవలోదే. ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువ మంది కలిసి కులం, మతవర్గం, లింగం, పుట్టిన ప్రాంతం, భాష లాంటి కారణాలతో ఒక మనిషిని చంపితే మరణశిక్ష గానీ యావజ్జీవం గానీ వేయొచ్చని అది చెబుతుంది.

ఉగ్రవాదానికి నిర్వచనం ఉపా చట్టం 15వ సెక్షన్‌లో ఉంది. దాదాపు అదే నిర్వచనాన్ని న్యాయ సంహిత 113వ సెక్షన్‌లోనూ పెట్టారు. పెద్దాయన చెప్పినట్టు దేశ సమైక్యత, సార్వభౌమత్వం, భద్రత అందులో ఉన్నాయి. కానీ నిర్వచనం అక్కడితో ఆగలేదు. ‘ప్రజల్లో గానీ, ప్రజల్లోని ఏదైనా ఒక వర్గంలో గానీ’ భయోత్పాతం కలిగించే ఉద్దేశంతో బాంబులు, తుపాకులు, ఇతర మారణాయుధాలు లేదా మరే సాధనంతోనైనా ప్రాణాలు తీస్తే అదీ ఉగ్రవాదమే. అంతకుముందున్న టాడా చట్టంలోనూ ఈ ‘ప్రజల్లోని ఒక వర్గం’ అన్న మాట ఉంది. కారంచేడు జరిగిన 1985 జులైలో, చుండూరు జరిగిన 1991 ఆగస్టులో టాడా ఈ దేశంలో అమల్లో ఉన్న చట్టం. దళితవాడ ప్రజల్లోని ఒక వర్గం కాదా? గొడ్డలి మారణాయుధం కాదా?

పైగా ఈ రెండు పేర్లూ ఒకదానికొకటి అడ్డు కావు. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని కాల్చి చంపారు. చనిపోయినవాళ్ళలో విశాఖ, కావలి వాళ్ళూ ఉన్నారు. మతం అడిగి మరీ చంపారని బతికి బయటపడ్డవాళ్ళు చెప్పారు. గుర్తింపు చూసి మనిషిని ఎంచుకోవడం ద్వేష నేరానికి మొదటి లక్షణం. అయినా ఇది ద్వేష నేరమేమో, ఉగ్రవాదం అనడం ఎక్కువేమో అని ఎవరూ సందేహించలేదు. సందేహించాల్సిన పనీ లేదు. ద్వేషంతో ఎంచుకోవడం, భయపెట్టడానికి చంపడం అక్కడ ఒకే పనిలో ఉన్నాయి. మరి దళితుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం రెంటిలో ఒకటే ఎంచుకోమని ఎందుకు అడుగుతున్నారు?

ఒకే రకం హత్యలు, మూడు పేర్లు

ఈ చిక్కు మన దేశానికే పరిమితం కాదు. 2015 జూన్ 17న అమెరికాలోని చార్ల్స్‌టన్‌లో నల్లజాతివాళ్ళ చర్చిలోకి ఒక తెల్ల యువకుడు వెళ్ళి, ప్రార్థనలో ఉన్న తొమ్మిది మందిని కాల్చి చంపాడు. జాతుల మధ్య యుద్ధం రేపాలన్నది తన ఉద్దేశమని అతనే చెప్పుకున్నాడు. అయినా అప్పటి ఎఫ్‌బీఐ డైరెక్టర్ దాన్ని ఉగ్రవాదం అనడానికి వెనకాడారు. రాజకీయ చర్యగా తనకు కనబడటం లేదన్నారు. కేసు ద్వేష నేరాల కింద నడిచింది, మరణశిక్ష పడింది. అమెరికా ఫెడరల్ చట్టంలో దేశీయ ఉగ్రవాదానికి నిర్వచనం ఉంది గానీ ఆ పేరుతో అభియోగం మోపడానికి ప్రత్యేక నేరం లేదు. అక్కడి నల్లజాతి రచయితలు, ఉద్యమకారులు అప్పుడు అడిగిన ప్రశ్న మనకు కొత్తది కాదు: అదే పని ఒక ముస్లిం చేసి ఉంటే పేరు పెట్టడానికి ఇంత ఆలోచించేవారా?

2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రంలోని ఓలేథ్‌లో ఒక బార్‌లో కూర్చున్న తెలుగు ఇంజనీరును ‘మా దేశం నుంచి పొండి’ అంటూ కాల్చి చంపినప్పుడు కూడా కేసు ద్వేష నేరంగానే నడిచింది. దోషికి యావజ్జీవం పడింది. అక్కడ చనిపోయింది ఒక్కరు. కానీ ఆ వారం ఇక్కడ హైదరాబాదులో, గుంటూరులో ఎన్ని ఇళ్ళల్లో తల్లిదండ్రులు పిల్లలకు ఫోన్లు చేసి, బయట తెలుగులో గట్టిగా మాట్లాడొద్దని చెప్పారో మనకు తెలుసు. నేరం చేసినవాడు ఒక్కడే అయినా భయం ఒక్కరి దగ్గర ఆగదు.

2019 మార్చి 15న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో రెండు మసీదుల్లో 51 మందిని చంపినవాడి మీద హత్యానేరాలతో పాటు ఉగ్రవాద అభియోగం కూడా మోపారు. ఆ దేశంలో ఆ చట్టం కింద శిక్షపడ్డ మొదటివాడు అతనే. ఇక 2022 మే 14న న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోలో ఒక సూపర్ మార్కెట్లో పది మంది నల్లజాతివాళ్ళను చంపినవాడి కేసులో మూడో పేరు వచ్చింది. ‘ద్వేషంతో చేసిన దేశీయ ఉగ్రవాద చర్య’ అనే నేరాన్ని ఆ రాష్ట్రం 2020లోనే చట్టంగా చేసుకుంది. దాని కింద అతను నేరం ఒప్పుకున్నాడు. 2023 ఫిబ్రవరిలో పెరోల్ లేని యావజ్జీవం పడింది.

చార్ల్స్‌టన్, క్రైస్ట్‌చర్చ్, బఫెలో మూడూ ఒకే రకం హత్యలు. ఒక వర్గం గుమిగూడే చోటుకు వెళ్ళి, ఆ వర్గం అంతటికీ వినబడేలా చంపడం. పేర్లు మాత్రం మూడు. పేరును నిర్ణయిస్తున్నది నేరం స్వభావం కాదనీ, ఎవరి భయాన్ని దేశం తన భయంగా లెక్కేసుకుంటుందన్నదేననీ దీన్నిబట్టి తెలుస్తుంది. మన దగ్గర ఆ లెక్క ఎలా నడిచిందో చూడాలంటే బిహార్‌కు వెళ్ళాలి.

బారా ఒక చట్టం, బాథే ఒక చట్టం

1992 ఫిబ్రవరిలో గయ జిల్లా బారా గ్రామం మీద మావోయిస్టు కమ్యూనిస్టు సెంటర్ దళాలు దాడి చేశాయి. ముప్పై మందికి పైగా భూమిహార్లను చంపేశాయి. అది ఊచకోత. అందులో రెండో మాట లేదు. చనిపోయినవాళ్ళ కుటుంబాలకు న్యాయం జరగాల్సిందే. ఆ కేసును టాడా కింద పెట్టారు. పోలీసు అధికారి ముందు ఇచ్చిన వాంగ్మూలం కూడా టాడాలో సాక్ష్యమే. ఆ చట్టం కింద శిక్ష పడితే హైకోర్టుకు అప్పీలు లేదు, నేరుగా సుప్రీంకోర్టుకే పోవాలి. 2001లో నలుగురికి ఉరిశిక్ష పడింది. వాళ్ళలో దళితులున్నారు. 2002 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల మెజారిటీతో దాన్ని ఖాయం చేసింది, మూడో న్యాయమూర్తి విభేదించారు. 2017లో రాష్ట్రపతి ఆ శిక్షలను యావజ్జీవంగా మార్చేదాకా వాళ్ళు ఉరికంబం నీడలోనే ఉన్నారు.

1997 డిసెంబర్ 1 రాత్రి సోన్ నది పక్కనున్న లక్ష్మణ్‌పూర్ బాథేలో రణవీర్ సేన 58 మంది దళితులను చంపింది. స్త్రీలు, పసిపిల్లలు కూడా అందులో ఉన్నారు. రణవీర్ సేన ఏదో ఆవేశంలో పోగైన గుంపు కాదు. అది భూస్వాముల సాయుధ సంస్థ. 1995లోనే దాని మీద నిషేధం ఉంది. కూలి పెంచమన్నవాళ్ళను, ఎర్రజెండా పట్టినవాళ్ళను లొంగదీయడం కోసమే అది పుట్టింది. అంతకుముందు ఏడాది, 1996 జులైలో, బథానీ టోలాలో 21 మందిని చంపిందీ అదే సేన. సంస్థ ఉంది, రాజకీయ లక్ష్యం ఉంది, ఆయుధాలున్నాయి, ఒక వర్గాన్ని భయపెట్టి లొంగదీసే ఉద్దేశం ఉంది. ఉగ్రవాదం నిర్వచనంలో ఇంకేం కావాలి?

అప్పటికి టాడా గడువు ముగిసింది నిజమే. కానీ ఆ పదం, ఆ చూపు ఎక్కడికీ పోలేదు. అవి బాథేకు రాలేదు, అంతే. బాథే కేసు మామూలు హత్యల కేసుగా, అట్రాసిటీ కేసుగా సాగింది. 2010 ఏప్రిల్‌లో పట్నా సెషన్స్ కోర్టు 26 మందిని దోషులన్నది, 16 మందికి ఉరి, 10 మందికి యావజ్జీవం వేసింది. 2013 అక్టోబర్ 9న పట్నా హైకోర్టు ప్రత్యక్ష సాక్షులను నమ్మలేమంటూ 26 మందినీ వదిలేసింది. బథానీ టోలా దోషులను అంతకు ఏడాది ముందే, 2012లో, అదే హైకోర్టు వదిలేసింది. రణవీర్ సేనకు రాజకీయ నాయకులతో ఉన్న సంబంధాలను తేల్చడానికి వేసిన అమీర్ దాస్ కమిషన్‌ను నివేదిక ఇవ్వకముందే 2006లో ప్రభుత్వం రద్దు చేసింది.

చుండూరు కథ కూడా ఈ దారినే పోయింది. ఎన్నో పోరాటాల తర్వాత ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నాం. 2007 జులై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ నిర్దోషులన్నది. కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపింది 1985లో, సుప్రీంకోర్టు చివరి మాట వచ్చింది 2008లో. మధ్యలో 23 ఏళ్ళు.

ద్వేషం అనే మాటలో ఉన్న చిక్కు

కోర్టులు ఇలా తీర్పులివ్వడానికి ఒక కారణం న్యాయవ్యవస్థలో కులం. దాని గురించి చాలామంది రాశారు. నేను ఇంకో కారణం గురించి మాట్లాడాలనుకుంటున్నాను. అది ‘ద్వేష నేరం’ అనే చట్రంలోనే ఉంది.

అట్రాసిటీ చట్టం మూడో సెక్షన్ రెండో ఉపసెక్షన్ ఐదో క్లాజు మొదట్లో ఎలా ఉండేదంటే, పదేళ్ళు లేదా అంతకుమించి శిక్షపడే నేరాన్ని ‘ఆ మనిషి ఎస్సీ లేదా ఎస్టీ అన్న కారణంగా’ చేస్తే యావజ్జీవం. ఆ ‘కారణంగా’ అన్న ఒక్క మాట చుట్టూ వందల కేసులు కూలిపోయాయి. 2006 సెప్టెంబర్ 29న ఖైర్లాంజీలో ఒక దళిత కుటుంబంలో తల్లిని, కూతుర్ని, ఇద్దరు కొడుకులను ఊరు ఊరంతా చూస్తుండగా చంపారు. 2008లో కోర్టు హత్యలకు శిక్షలు వేసింది గానీ అట్రాసిటీ చట్టం వర్తించదన్నది. అది ప్రతీకారమట, కులం కారణం కాదట. 2021 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన ఒక కేసులో సుప్రీంకోర్టు చూపులేని దళిత యువతి మీద అత్యాచారం చేసినవాడి యావజ్జీవాన్ని ఖాయం చేసింది. కులం, లింగం, వైకల్యం కలిసి ఒక స్త్రీని ఎలా నలిపేస్తాయో కూడా వివరంగా రాసింది. అయినా కులం కారణంగానే చేశాడని రుజువు లేదంటూ అట్రాసిటీ చట్టం కింద పడ్డ శిక్షను కొట్టేసింది.

2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో ఆ మాట మారింది. బాధితులు ఎస్సీ లేదా ఎస్టీ అని తెలిసి చేస్తే చాలు. అది పెద్ద గెలుపే. కానీ పాత కేసులకు అది వర్తించదు. ఇక పోలీస్ స్టేషన్‌లో, పత్రికల్లో, టీవీ చర్చల్లో నడుస్తున్నది ఇప్పటికీ పాత ప్రశ్నే: ‘గొడవ పొలం గట్టు దగ్గర మొదలైంది కదా, ఇందులో కులం ఎక్కడుంది?’

ద్వేషాన్ని వెతికితే దొరకదు. ఎందుకంటే కులం నడవడానికి ద్వేషం అక్కర్లేదు. ఏ ఊళ్ళోనైనా చూడండి. చెప్పిన పని చేసి, ఇచ్చిన కూలి తీసుకుని, నిలబడమన్న చోట నిలబడినంత కాలం ఆసామి మనల్ని ద్వేషించడు. పండక్కి పాత బట్టలిస్తాడు, జ్వరమొస్తే మందుబిళ్ళ ఇస్తాడు, ‘మావాడు’ అంటాడు కూడా. దాడి ఎప్పుడు జరుగుతుంది? కారంచేడులో మంచినీళ్ళ చెరువు దగ్గర పశువులను కడగడం తప్పని చెప్పినప్పుడు. చుండూరులో చదువుకున్న దళిత యువకుడి కాలు సినిమా హాల్లో రెడ్ల కుర్రాడికి తగిలినప్పుడు, దాని తర్వాత పెట్టిన సాంఘిక బహిష్కారానికి వాడ లొంగనప్పుడు. బిహార్‌లో కూలి అడిగినప్పుడు. గుర్రమెక్కినప్పుడు, మీసం మెలేసినప్పుడు, పెళ్ళి చేసుకున్నప్పుడు. ఎవరో ఒకరు గీత దాటారు. వాళ్ళను కొట్టి మిగతావాళ్ళను గీత వెనక్కి పంపాలి.

2016 జులైలో గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు చర్మం తీస్తున్న దళిత యువకులను కారుకు కట్టి కొట్టినవాళ్ళు ఆ వీడియోను వాళ్ళే తీసి తిప్పారు. మామూలు నేరస్తుడు సాక్ష్యం దాచుకుంటాడు. వీళ్ళు పంచిపెట్టారు. ఎందుకంటే ఆ దెబ్బలు ఆ యువకులకు మాత్రమే ఉద్దేశించినవి కావు.

కాబట్టి సెమినార్‌లో పెద్దాయన అడిగినదానికి నా జవాబు ఇది. నేరస్తుడి మనసులో ఏ భావం ఉందని కాకుండా, ఆ నేరం ఎవరిని ఏ స్థానంలో ఉంచడానికి జరిగిందని అడిగితే చుండూరు ఉగ్రవాదం నిర్వచనంలోకే వస్తుంది. ‘ద్వేష నేరం’ అనడం తప్పు కాదు, కానీ అది సగం మాట. అది చనిపోయిన ఎనిమిది మందిని చూస్తుంది. దీపాలార్పుకున్న పల్లెలను చూడదు.

అయితే ఉపా పెట్టమందామా?

ఇక్కడిదాకా ఒప్పుకున్న మిత్రులు కొందరు వెంటనే అంటారు: అయితే కుల ఊచకోతలకు ఉపా పెట్టమని డిమాండ్ చేద్దాం, బెయిల్ రాకుండా లోపలుంటే తెలుస్తుంది. ఆ కోపం నాకు అర్థమవుతుంది. నేను కూడా బాథే తీర్పు చదివిన రోజు అలాగే అనుకున్నాను. ఇప్పుడు అనుకోవడం లేదు.

2018 జనవరి 1న భీమా కోరేగావ్‌లో దళితుల మీద దాడి జరిగింది. దాని మీద రెండు దారుల్లో కేసులు నడిచాయి. దాడికి రెచ్చగొట్టారని హిందూత్వ నాయకుల మీద అట్రాసిటీ చట్టం కింద పెట్టిన కేసులో ఒకరిని అరెస్టు చేస్తే కొద్ది వారాల్లో బెయిల్ వచ్చింది, ఇంకొకరిని అరెస్టే చేయలేదు. రెండో దారి ఉపా. అది దళితుల తరఫున, ఆదివాసీల తరఫున మాట్లాడే పదహారు మంది మీదికి వెళ్ళింది. అందులో మన వరవరరావు ఉన్నారు. విచారణ మొదలుకాకముందే 2021 జులై 5న కస్టడీలో చనిపోయిన స్టాన్ స్వామి ఉన్నారు. ఆనంద్ తేల్‌తుంబ్డే ఉన్నారు. ఖైర్లాంజీ ఎందుకు కుల ఊచకోతో పుస్తకం రాసి చెప్పిన మనిషి ఆయన. 2020లో అంబేడ్కర్ జయంతి రోజునే ఆయన లొంగిపోవాల్సి వచ్చింది. 31 నెలలు జైల్లో ఉన్నారు. ఖైర్లాంజీలో చంపినవాళ్ళ మీద పడని ఉగ్రవాద ముద్ర ఖైర్లాంజీ గురించి రాసినాయన మీద పడింది.

2020లో హాథ్రస్‌లోనూ అదే జరిగింది. దళిత యువతి చనిపోయింది. అర్ధరాత్రి పోలీసులే దహనం చేసేశారు. నిందితులు నలుగురిలో ముగ్గురిని 2023 మార్చిలో కోర్టు వదిలేసింది. అత్యాచారం అభియోగం ఎవరి మీదా నిలబడలేదు. ఆ వార్త రాయడానికి బయల్దేరిన కేరళ జర్నలిస్టు సిద్దిఖ్ కప్పన్ మాత్రం ఉపా కింద రెండేళ్ళకు పైగా జైల్లో ఉన్నారు.

ఆరోపణ పైకి నిజమేననిపిస్తే చాలు, బెయిల్ ఇవ్వకూడదని ఉపా 43డి సెక్షన్ ఐదో ఉపసెక్షన్ చెబుతుంది. అలాంటి కత్తి ఎవరి చేతిలో ఉంటుందో చూసి గానీ దాన్ని ఇంకా పదును పెట్టమని అడగకూడదు. ఇంకొక సంగతి గుర్తుంచుకోవాలి. 2018 మార్చి 20న సుప్రీంకోర్టు అట్రాసిటీ చట్టం దుర్వినియోగమవుతోందని చెప్పి అరెస్టులకు అడ్డుకట్టలు వేసింది. ఏప్రిల్ 2 భారత్ బంద్‌లో మనవాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నాక గానీ పార్లమెంటు ఆ ఆగస్టులో చట్టాన్ని నిలబెట్టలేదు. దుర్వినియోగం గురించిన ఆ తొందర ఉపా విషయంలో మనకెప్పుడైనా కనిపించిందా? ఒక చట్టం మీద అనుమానం, ఇంకో చట్టం మీద నమ్మకం. ఏ చట్టం ఎవరి చేతికి అందుతుందో దీన్నిబట్టే తెలుస్తుంది.

తీసుకోవాల్సింది చూపు, అధికారం కాదు

ఉగ్రవాదం అనే ఆలోచనలో మనకు పనికొచ్చేది ఒకటే: నేరానికి గురైంది చనిపోయినవాళ్ళే కాదు, భయపడ్డ వర్గమంతా అన్న గుర్తింపు. దానికోసం ఉపా అక్కర్లేదు. ఆ గుర్తింపు అట్రాసిటీ చట్టంలోనే ఉంది. వాడడం లేదు.

1995 నాటి నిబంధనల్లో మూడోది చదవండి. దాడులు జరిగే అవకాశమున్న ప్రాంతాలను ప్రభుత్వం ముందే గుర్తించాలి. అక్కడ దళితులు కానివాళ్ళ ఆయుధాల లైసెన్సులు రద్దు చేయొచ్చు. అవసరమైతే దళితులకు, ఆదివాసీలకు లైసెన్సులు ఇవ్వొచ్చు. ప్రత్యేక పోలీసు బలగాన్ని పెట్టొచ్చు. చట్టం 16వ సెక్షన్ కింద దాడి చేసిన ప్రాంతంవాళ్ళ మీద సామూహిక జరిమానా వేయొచ్చు. 17వ సెక్షన్ కింద అధికారులు ముందే నివారణ చర్యలు తీసుకోవాలి. నాలుగో సెక్షన్ కింద విధిని నిర్లక్ష్యం చేసిన అధికారికి జైలు. 2016 నుంచి సాంఘిక, ఆర్థిక బహిష్కారం కూడా నేరమే. 15ఏ సెక్షన్ కింద బాధితులకు, సాక్షులకు రక్షణ హక్కు. ఇవన్నీ ఒక మనిషి మీద జరిగిన నేరానికి రాసిన ఏర్పాట్లు కావు. ఒక వాడ మొత్తం భయంలో ఉంటుందని తెలిసినవాళ్ళు రాసినవి.

చుండూరులో హత్యలకు ముందు వారాల తరబడి బహిష్కారం నడిచింది. పోలీసులు ఊళ్ళోనే ఉన్నారు. ఈ చట్టం అప్పటికి ఏడాదిన్నర నుంచి అమల్లో ఉంది. దాన్ని ఆ చూపుతో చదివి ఉంటే ఆ ఎనిమిది మంది బతికి ఉండేవాళ్ళేమో.

2022లో దేశంలో ఎస్సీల మీద నేరాలుగా నమోదైనవి 57,582 అని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క. ఒక్కో కేసును విడివిడిగా లెక్కపెడితే అంతే వస్తుంది. ఒక్కో కేసు చుట్టూ ఎన్ని ఇళ్ళు దీపాలార్పాయో ఏ లెక్కలోనూ లేదు. అందుకే ఈసారి ఎక్కడైనా దాడి జరిగినప్పుడు నిజనిర్ధారణకు వెళ్ళే మిత్రులను, వార్త రాసే జర్నలిస్టులను, కేసు వాదించే లాయర్లను కోరేది ఒకటుంది. ‘వాళ్ళు మిమ్మల్ని కులం పేరుతో తిట్టారా?’ అని అడిగి ఆగిపోవద్దు. పక్క వాడవాళ్ళను కూడా అడగండి. ఆ రోజు నుంచి పనికి ఎవరు మానేశారు? ఏ బావి దగ్గరికి పోవడం మానేశారు? బడికి ఏ పిల్లలు పోవడం లేదు? ఏ కేసు వెనక్కి తీసుకున్నారు, ఏ కూలి అడగడం ఆపేశారు? ఆ జవాబులను ఎఫ్‌ఐఆర్‌లోకి, చార్జిషీటులోకి, కలెక్టరుకు ఇచ్చే వినతిపత్రంలోకి ఎక్కించండి. పునరావాసం, రక్షణ, సామూహిక జరిమానా అడగడానికి అవే ఆధారాలు.

నా థీసిస్‌లో ఆ వాక్యాన్ని మార్చలేదు. దాని కింద ఒక పేరా చేర్చాను. అందులో అమ్మమ్మ పేరు లేదు, ఆమె ఊరి పేరు లేదు. 1991 ఆగస్టు రెండో వారంలో చుండూరుకు దూరంగా ఉన్న ఒక పల్లెలో ఎన్ని రోజులు కూలికి పోలేదో, తిరిగి పోయాక కూలి ఎంత తగ్గిందో, ఆ తగ్గింపు గురించి ఎవరూ ఎందుకు అడగలేదో రాశాను. ఈసారి సెమినార్‌లో పెద్దాయన మళ్ళీ లేస్తే ఆ పేరా చదివి వినిపిస్తాను.